బావ చదవని తీర్మానం

రాయగడ వెళ్ళదలుచుకున్నవారికి ముందుగా ఒక సలహా. విజయనగరంలో పొద్దున్న ఆరుంబావు రైలెక్కండి, కిటికీ పక్కన చోటు పట్టుకోండి, ఇడ్లీలు ఇంటినుంచే తెచ్చుకోండి. బావ రమ్మన్నాడని మాత్రం వెళ్ళకండి.

నేను బావ రమ్మంటేనే వెళ్ళాను. మా అప్ప మొగుడు సింహాచలం బావ జేకేపూర్ కాగితం మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేసి, రిటైరై, రాయగడలో ఇల్లు కట్టుకున్నాడు. అక్కడి తెలుగు సంఘానికి అధ్యక్షుడు. ఆయన గొంతుకి ఫోనొక అలంకారం మాత్రమే. మేడెక్కి పిలిచినా విజయనగరంలో వినపడుతుంది.

"ఒరే సూరీ, డిల్లీ పెద్దకోర్టులో మగోల్లు మగోల్లు, ఆడోల్లు ఆడోల్లు పెల్లి సేసుకుంటామని కేసు నడస్తంది కదా. అది కూడదని ఆదివారం ఇక్కడ మీటింగు. స్వామీజీ, పాస్టరుగారు, మౌల్వీగారు ముగ్గురూ వస్తన్నారు. తెలుగు తీర్మానం నాను సదవాలి. నువ్వు పత్రికలకి రాస్తావు కదా, గట్టిగా ఒకటి రాసి పట్రా."

నేను రాసేది హాస్యం. గట్టిగా రాయమని పాతికేళ్ళలో నన్నడిగిన మొదటి మనిషి మా బావ. ఆ పొంగులో రైల్లోనే కలం తీశాను. "అనాదిగా అవిచ్ఛిన్నంగా ప్రవహిస్తున్న దాంపత్య మహానదికి" అని బొబ్బిలిలో మొదలుపెట్టిన వాక్యానికి పార్వతీపురం దాటాక గానీ క్రియాపదం దొరకలేదు.

ఎదురు సీట్లో గుణుపురం రైతు ఒకాయన మామిడి అంట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ అంట్లకి నాకన్నా ఎక్కువ చోటు దొరికింది. ఏం రాస్తున్నానో అడిగి, విని, అంట్లని ఇంకో మోకాలి మీదికి మార్చుకున్నాడు.

"స్వాములూ పాస్టర్లూ మౌల్వీలూ ఒక్క బల్ల మీద కూకుంతన్నారా? మా ఊర్లో కాలవ నీల్లకి కొట్టుకున్నప్పుడు రమ్మంటే ఒక్కలూ రాలేదు బాబూ."

తొమ్మిదిన్నరకి రాయగడలో దిగాను. స్టేషను బయట రెండు బరాలు, అంటే మన గారెలే, మీద బఠానీల ఘుగుని పోయించుకుని తిన్నాను. ఆ కారానికి వచ్చిన కన్నీళ్ళతోనే అప్పింటికి వెళ్ళడంతో, తమ్ముడికి తనమీద ఎంత బెంగో అని అప్ప సంతోషించింది. ఆ తర్వాత మళ్ళీ నోరు విప్పలేదు. నాకు అనుమానం వచ్చింది. మా అప్ప మాట్లాడకపోవడం అంటే నాగావళి వెనక్కి పారడం లాంటిది.

సంగతి బావే చెప్పాడు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు పద్మ కొరాపుట్ పక్కన సెమిలిగుడలో ల్యాబ్ టెక్నీషియన్. మినతి అనే ఒడియా నర్సుతో ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో ఉంటోంది. కోర్టు ఒప్పుకుంటే ఇద్దరూ రిజిస్ట్రారు దగ్గరికి వెళ్తారట. బావ తీర్మానం చదువుతున్నాడని తెలిసి, "చదివితే ఇక ఆ గడప తొక్కను" అని కబురు పెట్టిందట.

"రేపు నువ్వెల్లి అమ్మిని తీసుకురా. నా మాట ఎలాగూ వినదు. ముగ్గురు పెద్దలు సెప్తే వింటాది" అన్నాడు బావ. నా తీర్మానం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ జేబు నాకప్పుడు బరువుగా కనిపించింది.

శనివారం ఏడున్నరకి కొరాపుట్ రైలు. దారిలో సొరంగాలు ముప్పై పైచిలుకంటారు. నేను లెక్కపెడితే నలభై ఒకటి తేలాయి, మధ్యలో కునుకుపాట్లు కూడా కలిశాయేమో. వెలుగొచ్చినప్పుడల్లా పద్మకి ఏం చెప్పాలో తోచేది. చీకటి రాగానే పోయేది.

స్టేషన్‌కి ఇద్దరూ వచ్చారు. పద్మ నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. మినతి నా సంచి లాక్కుంది. "మాఁవయ్యా, భోజనం గుడిలో" అంది తనకొచ్చిన తెలుగులో. కొండమీద జగన్నాథుడి గుడికి ఆటో ఎక్కాం. మెట్లు ఎన్నో నేను చెప్పను, చెబితే మీరు వెళ్ళరు.

ప్రసాదం తింటుండగా గమనించాను. ఇద్దరూ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోవడం లేదు. "మొహాప్రసాద్, ఇంకొంచెం పెట్టుకో", "వద్దు మొహాప్రసాద్". అదేమిటని అడిగితే పద్మ చెప్పింది. ఇక్కడి ఆచారం అది. ఇద్దరు ఆడవాళ్ళో, ఇద్దరు మగవాళ్ళో దేవుడి ఎదుట ప్రసాదం ఒకరికొకరు తినిపించుకుని జీవితాంతం తోడుంటామని మాటిచ్చుకుంటారు. ఆనాటినుంచి పేరు పలకకూడదు, బంధం తెంచకూడదు. రెండిళ్ళవాళ్ళూ చుట్టాలైపోతారు.

"మాది ఇక్కడే అయింది మావయ్యా, ఎనిమిదేళ్ళ కిందట. నాన్నే దగ్గరుండి సేయించేడు."

ఫోన్లో ఫొటో చూపించింది. మధ్యలో మా బావ, పట్టు కండువా, రెండు చేతులూ రెండు తలల మీద. ముఖంలో వెలుగు నా సొరంగాలన్నిటికీ సరిపోతుంది. తిరిగొచ్చి కాలనీ అంతా లడ్లు పంచాడట.

"బావ ఏమనుకున్నాడమ్మా?"

"మనవైపు నేస్తం కట్టుకుంటారు కదా, అలాటిదనుకున్నాడు."

"మీరేమనుకున్నారు?"

"మేం ఏటనుకున్నామో ఎవలూ అడగలేదు."

నేను హాస్యరచయితను. ఇంకో ముద్ద ప్రసాదం పెట్టించుకున్నాను. సెమిలిగుడలో వాళ్ళింట్లో పడుకున్నాను. దేశంలో ఉన్న లారీలన్నీ ఆ కిటికీ కిందనుంచే పోయాయి. నాన్న చదువుతాడో లేదో తన కళ్ళతోనే చూస్తానంది పద్మ. తెల్లారాక రాగి అంబలి తాగి ముగ్గురం రాయగడ రైలెక్కాం. మినతి ఎందుకని నేనడగలేదు. వదిలేసి రమ్మనడానికి నాకు ధైర్యం చాలలేదు.

నాలుగింటికి సభ. బల్లమీద ముగ్గురు పెద్దలు, మూడు దండలు, ఒక్కటే మైకు. స్వామీజీ సంతానం, వంశం గురించి చెప్పారు. పాస్టరుగారు దేవుడు మొదట చేసింది ఒక మగవాణ్ణి, ఒక ఆడదాన్ని అన్నారు. మౌల్వీగారు కుటుంబం లేని సమాజం పునాది లేని గోడన్నారు. ముగ్గురూ మనసారా నమ్మి చెప్పారు. ముగ్గురికీ జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఆపాక సిగ్గుపడ్డాను, మళ్ళీ కొట్టాను. అమ్మాయిలిద్దరూ చివరి వరసలో కూర్చున్నారు.

అప్పుడు మా అప్ప లేచింది. మూడు రోజులుగా దాచుకున్న మాటలన్నీ కలిపి ఒక్క ప్రశ్న అడిగింది.

"స్వామీ, జగన్నాథుడి ఎదర మొహాప్రసాద్ కట్టుకున్నోలు తరవాత ఇడిపోవచ్చా?"

"అమ్మా, అది మహాపాపం. చావు కూడా ఆ బంధాన్ని తెంచలేదు" అన్నారు స్వామీజీ వెంటనే. దేవుడి సాక్షిగా ఇచ్చిన మాట తప్పకూడదని పాస్టరుగారు, మౌల్వీగారు తలలూపారు. ఎవరి గురించి అడిగిందో వాళ్ళ ముగ్గురికీ తెలియదు. తెలిసినవాడు జేబులోంచి తీర్మానం తీసి మైకు ముందుకొచ్చాడు.

బావ కాగితం విప్పాడు. అప్పవైపు చూశాడు. చివరి వరసకేసి చూశాడు. కాగితాన్ని పాత మడతల్లోనే మళ్ళీ మడిచాడు. తర్వాత దగ్గాడు.

"కల్లజోడు ఇంటికాడ మర్సిపోయేను" అన్నాడు.

కళ్ళజోడు ముక్కుమీదే ఉంది. సభంతా చూసింది.

ఎవరో హిందీ తీర్మానం చదివారు, చేతులెత్తారు, అది నెగ్గింది. బావ చెయ్యి ఎత్తాడో లేదో నాకు కనపడలేదు. నా ముందున్న పెద్దమనిషి తల అంత పెద్దది.

ఆ పూట పద్మ గడప తొక్కింది. వెనకాలే మినతి వచ్చింది. అప్ప ఇద్దరికీ పక్కపక్కనే కంచాలు పెట్టింది. బావ తలెత్తకుండా తిని, "ఆ అమ్మికి పప్పు ఎయ్యి" అన్నాడు.

సోమవారం పది గంటల రైలుకి బావ స్టేషన్‌కి వచ్చాడు.

"సూరీ, నాను సేసింది రైటా తప్పా?"

"తెలీదు బావా."

"స్వామీజీ సెప్పింది తప్పంటావా?"

"ఏ మాట? ముందు చెప్పిందా, అప్పకి చెప్పిందా?"

"అదే నాకూ తెలట్లేదు. నా మట్టుకు ఆ పెల్లికి ఒప్పుకోలేదొరే. లడ్లు మాత్రం నానే పంచేను. ఇప్పుడా పిల్లని ఏటని పిలవాలి? పేరెట్టి పిలిస్తే బాగోదు, అల్లుడంటే నవ్వుతారు."

రైలు కదిలింది కాబట్టి తప్పించుకున్నాను. రాయగడ మంచి ఊరు. కొండలున్నాయి, నది ఉంది, ఘుగుని ఉంది, వసతికి బావ ఉన్నాడు. ఇంతకుమించి సారాంశం చెప్పమంటే నావల్ల కాదు. వెళ్ళేటప్పుడు నా దగ్గర గట్టి అభిప్రాయం ఒకటుండేది, పార్వతీపురం దాకా పొడుగున్నది.

పార్వతీపురంలో ఆకలేసి, బయల్దేరేటప్పుడు మినతి చేతిలో పెట్టిన చేగోడీల పొట్లం విప్పాను. కాగితం నిండా నా చేతిరాత. దాంపత్య మహానది నూనెలో తడిసి అవతలివైపు కనిపిస్తోంది. మినతికి తెలుగు చదవడం రాదని పద్మ చెప్పింది. రాదనే అనుకుంటున్నాను. చేగోడీలు మాత్రం బొబ్బిలి రాకముందే అయిపోయాయి.