తోడికోడలి ముళ్ళమొక్క

ఆ ఇంటి పెద్దకోడలు కళ్ళజోళ్ళ షాపులో ఫ్రేములకు అద్దాలు బిగిస్తుంది. ఇంట్లో మాత్రం తోడికోడలితో క్షణం పడేది కాదు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఇల్లు, ఒకటే వంటగది, ఒకటే స్నానాలగది. తడి తువ్వాలు కుర్చీ మీద వేశావని ఈమె, గీజర్ ఆపలేదని చిన్నకోడలు. మాటా మాటా పెరిగి, మగవాళ్ళిద్దరూ చెప్పులేసుకుని బయటికి జారుకునేవారు.

చిన్నకోడలు ల్యాబులో రక్తం తీస్తుంది. "రోజంతా ఊళ్ళోవాళ్ళకి సూదులు గుచ్చి, ఇంటికొచ్చి నాకు గుచ్చుతుంది" అని ఈమె మొగుడి దగ్గర వాపోయేది.

ఒకరోజు షాపుకొచ్చిన ఒకావిడ, అద్దాలు బిగించేలోపు చైనావాళ్ళ వాస్తు ఫెంగ్‌షూయ్ గురించి ఏకరువు పెట్టింది. ఇంటికి ఆగ్నేయంలో మనీప్లాంటు, గుమ్మం దగ్గర గుండ్రటి ఆకుల జేడ్ మొక్క, హాల్లో నీళ్ళల్లో వెదురు ఉండాలట. "ముళ్ళమొక్క మాత్రం ఇంట్లో వద్దమ్మా. అది ఉన్నచోట గొడవలు తెగవు."

ఆ మాట ఈమె మనసులో చటుక్కున నాటుకుపోయింది. వాళ్ళ హాలు కిటికీలో ఒక కాక్టస్ ఉంది. అది చిన్నకోడలిది. వాళ్ళ నాన్న మంగలిషాపులో అద్దం పక్కన ఏళ్ళ తరబడి ఉన్న మొక్క. ఆయన పోయాక షాపు మూసేస్తుంటే, అదొక్కటే అడిగి తెచ్చుకుంది.

షాపులో ఆవిడ చెప్పినవన్నీ ఈమె కొనుక్కొచ్చి సర్దింది. వేలాడదీసిన మనీప్లాంటు కుండీ మొగుడి నెత్తికి రెండుసార్లు తగిలింది. మర్నాడు పొద్దున చిన్నకోడలు డ్యూటీకి వెళ్ళగానే, కాక్టస్‌ను పాత పేపర్లో చుట్టి తీసుకెళ్ళి, బస్టాపు పక్కన పంక్చర్ షాపు వెనక వదిలేసి వచ్చింది.

సాయంత్రం చిన్నకోడలు ఖాళీ కిటికీ చూసి అడిగితే, "కుళ్ళిపోయింది. వాసనొస్తుంటే పారేశాను" అంది.

గొడవకి సిద్ధపడే చెప్పింది. కానీ చిన్నకోడలు కిటికీ దగ్గరే నిలబడిపోయింది. "నేనే ఎక్కువ నీళ్ళు పోశానక్కా. నాన్న చెప్తూనే ఉండేవాడు, దాన్ని అంత ముద్దు చెయ్యకే అని. వినలేదు" అంది మెల్లిగా.

ఆ రోజు నుంచి ఇల్లు సద్దుమణిగింది. తువ్వాలు గురించి ఈమె ఏమన్నా చిన్నకోడలు ఊరుకునేది, అనకపోయినా ఊరుకునేది. తిని, గిన్నెలు కడిగి, గదిలోకి వెళ్ళిపోయేది.

"చూశావా, నీ ఫెంగ్‌షూయ్ బ్రహ్మాండంగా పనిచేసింది!" అన్నాడు మొగుడు.

చెయ్యని తప్పు నెత్తినేసుకుని ఆ పిల్ల కుమిలిపోతుంటే, ఈమె గుండ్రటి ఆకులు తుడుచుకుంటూ కూర్చుంది. షాపులో స్క్రూ మరీ బిగించేసి, ఒక అద్దం అంచు విరగ్గొట్టింది.

ఆదివారం పంక్చర్ షాపుకి పరిగెత్తింది. కాక్టస్ గాలిమిషను పక్కనే ఉంది, గ్రీజు మరకలతో. "పారేసినదాన్ని మళ్ళీ అడుగుతారేంటమ్మా? నేనిప్పుడు దానికి అలవాటుపడ్డాను" అని షాపతను సణిగాడు. ఆమె బతిమాలింది. చివరికి ఇచ్చాడు.

ఇంటికొచ్చి కుండీ చిన్నకోడలి ముందు పెట్టింది. "కుళ్ళలేదు. అబద్ధం చెప్పాను. ముళ్ళమొక్క ఉంటే గొడవలని ఎవరో అంటే, నీకు చెప్పకుండా నేనే తీసుకెళ్ళి పడేశాను."

చిన్నకోడలు మొక్క వంక చూసింది, ఈమె వంక చూసింది. "అడిగి ఉంటే నేనే తీసేసేదాన్ని కదక్కా" అంది. "ఇన్నాళ్ళూ మా నాన్న మొక్కని నేనే చంపుకున్నాననుకున్నాను. నువ్వు చూస్తూనే ఉన్నావు."

"తప్పయిపోయింది. తిట్టు."

తిట్టలేదు. గ్రీజు తుడిచి, మర్నాడు కాక్టస్‌ను ల్యాబుకి తీసుకెళ్ళిపోయింది. అక్కడ, రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళు కూర్చునేచోట, కిటికీలో పెట్టుకుందట. తర్వాత ఇంట్లో మాటలు మళ్ళీ మొదలయ్యాయి. నవ్వులూ వచ్చాయి, గీజర్ గురించి చిన్న చిన్న చిరాకులూ వచ్చాయి. ఈమె మాత్రం రెండుమూడుసార్లు అడిగింది, ఆ మొక్కని ఇంటికి తెచ్చెయ్యమని.

"అక్కడ బాగానే ఉందిలే అక్కా" అంటుంది చిన్నకోడలు, మామూలుగానే. ఆ మామూలుతనమే ఈమెను నిలవనివ్వదు.