ఆ బండి మళ్ళా వచ్చిందా?

పోయిన వారం పుంగనూరు నుంచి ఫోన్. "మేస్త్రి పోయినాడప్పా, బిరీన రా." నాకు కార్ల మెకానిక్ పని నేర్పినవాడు ఆయన. కుప్పంలో షెడ్డు మూసి బయలుదేరాను. దారి పొడవునా దుఃఖం కంటే భయమే ఎక్కువగా ఉండింది. ఎందుకో మీకు చెప్పుకోవాలి.

ఏ కారు వచ్చినా ఆయన ముందు పొగగొట్టం కొనకు తెల్లగుడ్డ పట్టేవాడు. మసి చూసి ఇంజన్ జబ్బు చెప్పేవాడు. గొట్టం మధ్యలో కన్వర్టర్ అనే డబ్బా ఉంటుంది. లోపల తేనెపట్టులా సన్నని కంతలు. ఇంజన్ వదిలే పొగలోని విషం అందులో చాలావరకు విరిగిపోయాకే బయటికి వస్తుంది. అది మూసుకుపోతే బండి లాగదు. దాన్ని కోసి పారేసి ఉత్త గొట్టం అతికించమని అడిగేవాళ్ళే అందరూ. ఆయన ససేమిరా అనేవాడు. "రోగం ఇంజన్‌ది, కోత డబ్బాకా? ఆయిల్ యాల తాగతాండాదో ముందు సూడు."

నేనింకా ఆయన షెడ్డులో ఉన్నప్పుడు, ఒకసారి ఆయన సామాన్లకు మదనపల్లె పోయిన పూట, వెంకటగిరికోట ఆసామి ఒకాయన తొందరపెడితే నేను డబ్బా కోసేశాను. బండి గుర్రంలా పోయింది. నేను మీసం మెలేశాను. మేస్త్రి తిరిగొచ్చి మూలనున్న డబ్బాను చూశాడు గానీ తిట్టలేదు. "పొగొస్తే నువ్వు పక్కకు జరుగుతావు. ఊరు యాడికి జరగతాదప్పా? ఆ బండిని పిలిపించి కొత్తది బిగించు," అన్నాడు. రేపు, ఎల్లుండి అనుకుంటూ నేను పిలవనే లేదు.

తర్వాత నేను కుప్పం వచ్చి షెడ్డు పెట్టుకున్నా, కనిపించినప్పుడల్లా అదే మాట. "ఆ బండి మళ్ళా వచ్చిందా?" పోయిన నెల ఆసుపత్రి మంచం మీద, ఆయాసపడుతూ కూడా అడిగాడు. నేను అబద్ధం ఆడాను. "వచ్చింది మేస్త్రీ. బిగించినా."

"బతికించినావప్పా," అని కళ్ళు మూసుకున్నాడు. ఆ అబద్ధాన్ని ఇక నిజం చేయగలనో లేదో అన్నదే నా భయం.

మట్టి వేసి చేతులు కడుక్కుంటుంటే ఆ ఆసామి కనిపించాడు. గబగబా పోయి, "అన్నా, బండి తీసకరా, డబ్బా నేనే బిగిస్తా," అన్నాను.

"అది అమ్మేసి శానా దినాలాయ గదప్పా. మీ కుప్పంలోనే ఎవరో కొన్నారు. రంగు గూడా మార్చినారంట. ఇస్కూలు పిల్లోళ్ళను తిప్పతాండాదంట."

అప్పటినుంచి పొద్దున షెడ్డు ఆలస్యంగా తెరుస్తున్నాను. బడి గేట్ల దగ్గర ఆగిన ఒక్కో బండి కిందికీ వంగి, నా చేతి అతుకు కోసం వెతుకుతున్నాను. నిన్న ఒక చిన్నపాప సంచి మోసుకుంటూ దిగి, పొగగొట్టం పక్కనే ఆగి, నాతో పాటు వంగి చూసింది.

"ఏం పడిపోయింది మామా?"

"ఏమీ లేదమ్మా. ఈడ నిలబడొద్దు, నువ్వు లోపలికి పో."