వాగు ఎండిన వేసవి

మా అమ్మాయి ఇక్కడే, అమెరికాలో పుట్టింది. ఫ్రీమాంట్‌లో మా స్నేహితుల పిల్లలందరూ కంప్యూటర్లు చదివితే, ఇది కాలిఫోర్నియా ఉత్తర కొసన కొండవాగుల్లో బతికే సాలమాండర్ల మీద రీసెర్చ్‌కి చేరింది. మొన్న ఆగస్టులో "నా క్రీక్ చూస్తావా అమ్మా?" అంటే సెలవు పెట్టి వెళ్లాను.

లోయలోకి దిగగానే అమ్మాయి ముఖం మారిపోయింది. అంతకుముందు ఏడాది కార్చిచ్చుకు గట్టు మీది చెట్లు కాలిపోయాయి. నీడ లేదు. వాగు పారడం మానేసి రాళ్ల మధ్య చిన్న మడుగులుగా మిగిలింది.

అమ్మాయి చేతులు తడుపుకుని ఒక రాయిని మెల్లగా ఎత్తింది. కింద నా చిటికెన వేలంత ప్రాణి. చూడ్డానికి బల్లిలా ఉంది కానీ కప్పకు చుట్టమట. పసుపు పొట్ట, ఉబ్బిన కళ్లు. రాయి ఎత్తినా పారిపోలేదు.

"కదలట్లేదేమే?"

"వాటర్ వార్మ్ అయిపోయింది అమ్మా. ఇది ఎక్కువ స్కిన్‌తోనే బ్రీత్ చేస్తుంది. కోల్డ్ వాటర్ లేకపోతే ఉండలేదు."

"డబ్బాలో వేసుకుని వేరే వాగులో వదిలేద్దాం."

"నో అమ్మా. దీనికి డిసీజ్ ఏమైనా ఉంటే అక్కడ అన్నిటికీ వస్తుంది. టెస్ట్ చేసి మూవ్ చేయడానికి వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్‌ని పర్మిషన్ అడిగాను. ఇంకా ఏం చెప్పలేదు."

ఊరుకోలేకపోయాను. పెరుగన్నం చల్లగా ఉండాలని తెచ్చిన ఐస్ సంచి కారులో ఉంది. రొప్పుకుంటూ గట్టెక్కి, ఆ సంచి మూతి బిగించి తెచ్చి మడుగులో పెట్టాను. అమ్మాయి వద్దనలేదు. థర్మామీటరు నీళ్లలో ఉంచి చూస్తూ కూర్చుంది. వేడి కాస్త తగ్గింది. సాలమాండర్ తోక ఆడించి సంచి వైపు జరిగింది.

"చూడు, చూడు!" అని అరిచాను.

ఐస్ కరిగేదాకానే ఆ సంబరం. ఎండ నెత్తి మీదికొచ్చేసరికి నీళ్లు మళ్లీ వెచ్చబడ్డాయి.

"ఊళ్లోకి వెళ్లి ఇంకో సంచి తెద్దామా?"

"ఎన్ని తెస్తాం అమ్మా?" అంటూనే ఏడ్చేసింది.

జ్వరమొచ్చినా, చెయ్యి విరిగినా ఏదో ఒకటి చేసి దాని ఏడుపు ఆపగలిగేదాన్ని. ఆ రోజు వీపు మీద చెయ్యి వేసి కూర్చోవడం తప్ప ఏమీ తోచలేదు.

అనుమతి సెప్టెంబరులో వచ్చింది. నేను ఆఫీసు పార్కింగ్‌లో ఉండగా వాగు దగ్గర నుంచి అమ్మాయి ఫోన్ చేసింది.

"డ్రై అయిపోయింది అమ్మా. రాళ్లన్నీ ఎత్తి చూశాను. ఒక్కటీ లేదు."

"ఇంటికొచ్చెయ్ తల్లీ."

"లేదు, కింద ఇంకో పూల్ ఉంది. అది కూడా చూడాలి," అని పెట్టేసింది.

మీటింగు మొదలైందని ఫోన్ మోగుతూనే ఉంది. నేను కారు దిగలేదు.