దేవిడీ గోడ వయసు

1941లో మా దఫ్తరు నన్ను జనానా పైమాయిషీకి వేసింది. పాతబస్తీలో రోడ్డు వెడల్పు చేసే ముందు ప్రతి కట్టడాన్నీ కొలిచి, దాని వయసు రాసుకోవడమే పైమాయిషీ. పరదా పాటించే ఇళ్లలో ఆడవాళ్లుండే జనానాలోకి మగవాళ్లు వెళ్లకూడదు కనుక, కాలేజీ చదువూ ఉర్దూ రాతా ఉన్న నన్ను తీసుకున్నారు. బిడ్డ పుట్టాక ఆ ఉద్యోగం మానేశాను.

గౌలిపుర దాటాక ఒక నవాబుల దేవిడీ, అంటే పెద్ద భవంతి, ఉండేది. కొత్త రోడ్డు గీత సరిగ్గా దాని జనానా గోడ మీదుగా పోయింది. నియమం ప్రకారం గోడ పాతదైతే రోడ్డు పక్కకు జరగాలి. అనుమతి లేకుండా కొత్తగా లేపినదైతే గోడ కూలాలి. కూలితే లోపలి ఆడవాళ్లు బజారున పడ్డట్లే.

గోడ ఎప్పటిదని పెద్ద బేగంగారిని అడిగాను. “పర్సోంచ్ ఉఠాయే, బేటీ,” అన్నారు. వాంగ్మూలం అన్నది అన్నట్లే రాయాలి. రాశాను. పర్సోం అంటే ఉర్దూలో మొన్న; మొన్ననే లేపారని ఆ మాటకు అర్థం. పాతబస్తీలో మాత్రం గడిచిపోయినదంతా పర్సోమే.

మా పై అధికారి, ముహతమీం సాబు, లక్నో నుంచి కొత్తగా వచ్చారు. నా కాగితం చదివి, మొన్న లేపిన గోడ కదా అని కూల్చివేతకు హుకుం రాశారు. ఇక్కడ ఆ మాటకు అర్థం వేరని చెప్పాను. తనకు ఉర్దూ నేర్పవద్దన్నారు.

దేవిడీకి పాలు పోసే ఎల్లమ్మ నన్ను దారిలో ఆపింది. “ఏంది బిడ్డా, గట్ల రాసినవంట? గా గోడ మొన్న కట్టిందైతే నేను గూడ మొన్న పుట్టినట్టే.”

వాంగ్మూలం మీద అనుమానం వస్తే అధికారి స్వయంగా వినాలని మరో నియమం ఉంది. తనకు అనుమానం లేదన్నారాయన. నాకుందని రాసిచ్చాను.

ఆయన దేవిడీకి రాక తప్పలేదు. బేగంగారు పరదా వెనక, ఆయన ఇవతల. ఉర్దూలో సాగిన మాటలను మీకు తెలుగు చేసి చెబుతున్నాను. గోడ ఎవరు కట్టించారని ఆయన అడిగారు.

“మా మామగారు.”

ఆయన్ను పిలవమన్నారు.

“పర్సోం పోయిండ్రు.”

అధికారి గబుక్కున లేచి, పోయినవారి కోసం చేసే ప్రార్థన, ఫాతిహా, చదవడానికి చేతులెత్తారు. చావు జరిగిన ఇంటికి వచ్చినందుకు మన్నించమన్నారు. పరదా వెనక ఎవరో నవ్వు ఆపుకున్నారు.

“ఫికర్ చెయ్యకుండ్రి సాబ్. నేను గీ ఇంటికి కోడలుగ వచ్చింది గూడ పర్సోమే,” అని బేగంగారు కొడుకుతో చాయ్ పంపారు. అతని గడ్డం సగం నెరిసి ఉంది.

మీ తాతగారిని ఎప్పుడు చివరిసారి చూశావని అధికారి అతన్ని అడిగారు.

“నేనెక్కడ చూసిన సాబ్? పర్సోంచ్ పోయిండ్రు గద.”

అధికారి చాయ్ అంతా తాగాక, ‘పర్సోం’ కొట్టేసి తన చేత్తోనే ‘ఖదీం’, అంటే పాతది, అని రాశారు. గోడ నిలిచింది. రోడ్డు అక్కడ కొంచెం వంగింది.

ఆ తర్వాత కూడా వాంగ్మూలాల్లో నేను ఎవరి మాటా మార్చలేదు. ‘ఎప్పుడు కట్టారు’ అని అడగడం మాత్రం మానేశాను. కట్టేనాటికి ఇంట్లో ఎవరెవరు బతికి ఉన్నారని అడిగేదాన్ని. దానికి పాతబస్తీలో ఎవరూ తప్పు చెప్పరు.