బండి నీడన పసిపిల్లలు

నా చిన్నప్పుడు, మా ఆదోని బళ్లారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాలోకి వచ్చిన కొత్తలో, మా చిన్నత్త ఆడవాళ్ల పఠనమందిరాన్ని చూసుకునేది. పెళ్లయిన కొద్దికాలానికే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. ఒక అద్దె గది, గోడవారగా పుస్తకాల బీరువాలు, ఆలస్యంగా అందే మద్రాసు పత్రికలు, అదే ఆ మందిరం. బడిలో వ్యాసం రాయాలన్నా, ఉపన్యాసం చెప్పాలన్నా ఆడపిల్లలం అక్కడికే పరిగెత్తేవాళ్లం. అత్త ఎవరికీ రాసిచ్చేది కాదు. ఏ పుస్తకంలో ఏముందో చూపించేది. తర్వాత మేము రాసుకొచ్చింది ఓపికగా వినేది.

నేను థర్డ్ ఫారంలో, అంటే ఎనిమిదో తరగతిలో ఉండగా వార్షికోత్సవానికి ఉపన్యాసాల పోటీ పెట్టారు. నాకు వచ్చిన విషయం శ్రామిక స్త్రీలు. పత్తి కాలంలో మా ఊళ్లో ఆ మాటకు అర్థం వెతుక్కోనక్కర్లేదు. పల్లెల నుంచి వచ్చిన పత్తిబండ్లు, గింజ తీసి దూది చేసే జిన్నింగు ఫ్యాక్టరీల ముందు బారులు తీరి ఉండేవి. పొద్దున్నే గుంపులుగా పనికి పోయిన ఆడవాళ్లు, సాయంత్రం జుట్టంతా దూదిపీచుతో తెల్లబడి తిరిగొచ్చేవాళ్లు. రోజూ చూస్తూనే ఉన్నా, నేను మాత్రం పుస్తకాల్లోంచే రాసుకున్నాను. ఓ శ్రామిక వనితా అని మొదలుపెట్టి, ఆమె కన్నీటిని నాలుగైదు రకాలుగా వర్ణించి, తల్లులు తెలియనితనం వల్ల పసిపిల్లలను ఎండలో పడేస్తున్నారని, వాళ్లకు జ్ఞానం నేర్పాలని ముగించాను.

అత్త చివరిదాకా విన్నది. గొంతు బాగుందని మెచ్చుకుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఆ పిల్లోళ్లను యాడ పండబెడతారు మ్మే?"

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను.

"రేపు బడి లేదు గదా. మజ్జిగ కుండ పట్టుకోని నాతో రా."

మరునాడు మధ్యాహ్నం ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లాం. అక్కడ చెట్టు లేదు, చావడి లేదు. వంతు కోసం నిలబడ్డ పత్తిబండ్ల కింద గోనెపట్టాలు పరిచి, పసివాళ్లను పడుకోబెట్టి ఉన్నారు. పని చేసే ఓపిక ఉడిగిన ఒక అవ్వ వాళ్లకు కాపలా. అన్నం వేళకు ఫ్యాక్టరీ కూత వేయగానే తల్లులు బయటికొచ్చారు. అత్త దగ్గర అక్షరాలు నేర్చుకునే ఒక చిన్నవయసామె మా పక్కనే కూర్చుని, రొమ్ముకంటిన దూదిపీచును తడికొంగుతో తుడుచుకుని బిడ్డకు పాలివ్వసాగింది. బిడ్డ ఇంకా తాగుతుండగానే మళ్లీ కూత వేశారు. అవ్వ ఒళ్లో అప్పటికే ఇంకొకరి బిడ్డ ఏడుస్తోంది. ఆమె అటూ ఇటూ చూసింది.

"మా పాపకియ్యి. చూసుకుంటాది" అంది అత్త.

ఆమె బిడ్డను నా చేతుల్లో పెట్టి గేటులోకి పరిగెత్తింది. అత్త కూడా, వకీలు గారింట్లో చట్టాల పుస్తకం చూసొస్తానని నన్ను అక్కడే వదిలి వెళ్లిపోయింది. కావాలనే వదిలిందని నాకు తర్వాత అర్థమైంది.

బిడ్డ ఏడ్చి ఏడ్చి నా భుజం మీద నిద్రపోయింది. హమ్మయ్య అనుకునేసరికి మా మీది బండికి వంతు వచ్చి కదలబోయింది.

"బండి లోపలికి పోతాంది, లెయ్యి పాపా. నీడ పోతాది" అంది అవ్వ.

లేచి వెనక బండి కిందికి జరిగాం. ఒక్కొక్క బిడ్డనూ ఎత్తి తెచ్చాం. కాసేపటికి అదీ కదిలింది. సాయంత్రం దాకా మేము అట్లా బండ్ల వెంట నీడ కోసం జరుగుతూనే ఉన్నాం. ఆ పిల్లలను ఎవరూ ఎండలో పడేయలేదు. నీడే వాళ్లను వదిలి వెళ్లిపోతోంది.

ఆడవాళ్లు ఎక్కువగా పనిచేసే చోట పసిపిల్లలకో గది ఉండాలని, పాలివ్వడానికి తల్లులను మధ్యలో వదలాలని చట్టంలో ఉందట. అత్త ఆ మాట చూసొచ్చి చెప్పింది. ఆ రాత్రి నేను ఉపన్యాసం మళ్లీ రాశాను. ఈసారి అత్త వినలేదు. ఆ బిడ్డ తల్లిని ఇంటికి పిలిపించి, ముందు ఆమెకు చదివి వినిపించమంది.

ఆమె తలుపు దగ్గర కూర్చుని, బిడ్డను ఊపుతూ విన్నది.

"నా పేరు తియ్యి పాపా. తెలిస్తే గేటు దాటనియ్యరు. ఫ్యాక్టరీ పేరూ వద్దు" అంది. కాస్త ఆలోచించి మళ్లీ అంది. "ఇంగొకటి. పిల్లోళ్లు ఏడుస్తారని సెప్పు. మేం ఏడుస్తామని మాత్రం సెప్పొద్దు. మేం ఏడ్సం."

నేనింకా వదలని ఆ కన్నీళ్లన్నీ కొట్టేశాను. ఉపన్యాసం సగమైంది.

వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా వస్తున్నది ఒక ఫ్యాక్టరీ యజమాని. బడికి కొత్త గది కట్టించబోయేది ఆయనే. పెద్ద టీచరమ్మ భయపడి అత్తను పిలిపించి, చట్టం మాట తీసేయించమంది. అబద్ధమైతే ఇప్పుడే తీసేయిస్తానని అత్త నెమ్మదిగా అంది. టీచరమ్మ ఉపన్యాసం కాగితాన్ని ఇంకోసారి చదివి, చెప్పనియ్యండి అంది. ఆవిడ ధైర్యమూ తక్కువది కాదని ఇప్పుడనిపిస్తుంది.

వేదికెక్కాను. కోపంగా వద్దు, చూసింది చెప్పు అని అత్త చెప్పి పంపింది. చూసింది చెప్పాను. బండి కదలడం, మేము జరగడం, మళ్లీ బండి కదలడం. తర్వాత చట్టం మాట. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముఖ్య అతిథి తల వంచుకుని చేతికర్ర పిడిని నిమురుతూ కూర్చున్నాడు. బహుమతి, క్రమశిక్షణ మీద మాట్లాడిన అమ్మాయికి వచ్చింది.

ఆ పత్తి కాలం ముగిసేలోపే ఒక ఫ్యాక్టరీ గేటు పక్కన తడికెలతో పందిరి లేచింది. ఒక నీళ్లకుండ కూడా పెట్టారు. నేను ఎగిరి గంతేశాను. అత్త మాత్రం, చట్టంలో ఉన్నది గది, ఇది పందిరి అంది. ఆ గది కోసం ఆడవాళ్లు, అత్త ఇంకా ఎన్ని అర్జీలు పెట్టుకున్నారో. అది లేచేనాటికి నేను పెళ్లయి ఎమ్మిగనూరు వెళ్లిపోయాను.

ఆ ఊళ్లోనే చాలాకాలం పాఠాలు చెప్పాను. ఇప్పటికీ కాలేజీ పిల్లలు సామాజిక న్యాయం మీద ఏదో రాయాలంటూ వస్తారు. పుస్తకాలు తీసిస్తాను. తర్వాత, ఎవరి గురించి రాస్తున్నారో వాళ్ల దగ్గరికి పంపుతాను. రాసింది నాకంటే ముందు వాళ్లకే చదివి వినిపించమంటాను. మొన్న చేనేత మగ్గాల మీద రాస్తున్న ఒక అమ్మాయి చిన్నబుచ్చుకుని తిరిగొచ్చింది. తను అన్నిటికంటే ఇష్టంగా రాసుకున్న మాటను ఆ ఇంటావిడ వద్దన్నదట.

"మరేం చేశావు?" అని అడిగాను.

"కొట్టేసినా అవ్వా" అంది.

కూర్చోమని, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లాను.