ప్రాసెసర్‌ను ఆపే అమ్మాయి

నందిగామలో మా మేడమీద అద్దెకున్న జగ్గయ్యపేట అమ్మాయి ఇంట్లోంచే ఉద్యోగం చేసేది. వేల ప్రాసెసర్లు కలిసి పనిచేసే కంప్యూటర్‌లో, వాన రాకను లెక్కగట్టే ప్రోగ్రామ్‌ను పరీక్షించడం ఆమె పని. అన్నీ సవ్యంగా నడుస్తుంటే ఆమెకు తోచదు. కావాలని ఒక ప్రాసెసర్‌ను ఆపేసి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూసేది.

ప్రోగ్రామ్ విడుదలకు ముందురోజు అలాగే ఒకదాన్ని ఆపింది. మిగతావన్నీ దాని జవాబు కోసం కాచుకుని నిలిచిపోయాయి. అద్దెకని నేను పైకెళ్లేసరికి, ఫోన్ స్పీకర్‌లో మేనేజరు మండిపడుతున్నాడు.

"బాగా నడిచేదాన్ని చెడగొట్టావు కదమ్మా!"

"రేపెప్పుడో తుపాను రోజున ఒకటి దానంతటదే ఆగితే సార్? నేను ఓకే చెయ్యను."

"ఉద్యోగం ఊడుతుందే తల్లీ!" అన్నాను.

"ఊడనీ బాబాయ్" అంది.

వారానికి ప్రోగ్రామ్‌ను బాగుచేయించి మేనేజరే ఫోన్ చేశాడు.

"ఇప్పుడొకటి ఆపి చూడమ్మా."

"పది ఆపా సార్. నడుస్తూనే ఉంది."