కింది పటం చూడండి

ఎనభైల్లో నేను వరంగల్‌లో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసేదాన్ని. పాత కరస్పాండెన్స్ పాఠాలను చూపులేని విద్యార్థుల కోసం నేనూ, తోటి ఉద్యోగి సుజాతా చదివి క్యాసెట్లలో భద్రపరిచేవాళ్లం. నాది రేడియో గొంతని అందరూ అనేవారు. అయినా యాకయ్య అనే విద్యార్థి ఎప్పుడూ సుజాత క్యాసెట్లే అడిగేవాడు. నాకు కడుపు మండేది.

ఒకరోజు అందరి ముందే అడిగేశాను. "నా గొంతుకేమైంది యాకయ్యా?"

"గొంతు మంచిగనే ఉంటది మేడం. కానీ మీరు 'కింది పటం చూడండి' అని సదివి ముందుకు పోతరు. సుజాత మేడం ఆ పటంల ఏమున్నదో చెప్తరు."

నా తల కొట్టేసినట్టయింది. ఆ పాఠాలన్నీ పటాలతో సహా మళ్లీ చదివాను. యాకయ్య విని సంబరపడ్డాడు.

"ఇప్పుడు అచ్చం సుజాత మేడం లెక్కనే ఉన్నది" అన్నాడు.

ఆ మెప్పు నాకు నేటికీ మింగుడు పడలేదు.